కరువు కట్టిన కోవెల

నర్సాపూర్ అడవి దాటి, కొల్చారం మీదుగా మెదక్ దారిలో పోతుంటే ఊరి కంటే ముందు గోపురం కనిపిస్తుంది. చెరువు కట్టలు, వరి మళ్లు, బండరాళ్ల గుట్టలు దాటుకుంటూ వస్తున్న కంటికి బూడిదరంగు రాతి గోపురం ఒక్కసారిగా నిటారుగా ఎదురవుతుంది. బస్సులో నా ముందు సీట్లో కూర్చున్న అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, ఒళ్లో ఉన్న మనవరాలికి వేలుపెట్టి చూపించింది. "అగో బిడ్డా, గుడి కానొస్తుంది." చర్చి అనలేదు, కెథడ్రల్ అనలేదు. గుడి అంది. మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో చాలామందికి అది గుడే.

ఆ గోపురం ఎత్తు 175 అడుగులు. మందిరం పొడవు 200 అడుగులు, వెడల్పు 100. ఒకేసారి 5 వేలమంది కూర్చుని ఆరాధన చేసుకోవచ్చు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్‌తో నూరేళ్లు నిండాయి. ఈ అంకెలు ఏ పర్యాటక పుస్తకం తిరగేసినా దొరుకుతాయి. నన్ను మళ్లీ మళ్లీ అక్కడికి రప్పించే సంగతి వేరే ఉంది. తిండిగింజ దొరకని రోజుల్లో రాళ్లు మోసి, సున్నం నూరి, ఆ కూలితో పిల్లల కడుపు నింపుకున్న జనం చేతుల మీదుగా లేచిన కట్టడమిది. గీత గీసింది ఎక్కడో ఇంగ్లండులో. కట్టింది మెతుకు సీమ.

గుర్రమెక్కి వచ్చిన దొర

మెదక్‌ను ఒకప్పుడు గుల్షనాబాద్ అన్నారు. జనం నోట్లో నిలిచిన పేరు మాత్రం మెతుకు సీమ. మెతుకు అన్న మాట నుంచే మెదక్ పుట్టిందని ఇక్కడివాళ్లు ఇష్టంగా చెప్పుకుంటారు. మంజీర పారినంత మేర ఆ పేరు నిజమే. ఘనపురం ఆనకట్ట కాలువల కింద వరి బాగా పండుతుంది. కాలువ అందని పల్లెలకు చెరువే దిక్కు, చెరువుకు వానే దిక్కు. వరసగా రెండేళ్లు మబ్బు మొహం చాటేస్తే మెతుకు సీమలో మెతుకు ఉండదు.

అలాంటి నేలకు చార్లెస్ వాకర్ పాస్నెట్ వచ్చారు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1895లో సికింద్రాబాద్‌లో దిగి, ముందు తిరుమలగిరి కంటోన్మెంటులో బ్రిటిష్ సైనికులకు పాస్టరుగా పనిచేశారు. అప్పటికే జంటనగరాల్లో సైనికుల కోసం కట్టిన చర్చీలు ఉన్నాయి. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. అవి దండు కోసం, దొరల కోసం కట్టినవి. పాస్నెట్ ఆ దండులో ఎన్నాళ్లో ఉండలేదు. గుర్రమెక్కి పల్లెల దారి పట్టి, 1896లో మెదక్ చేరారు. ఆయన తోబుట్టువు ఎమిలీ కూడా ఈ సీమలోనే పనిచేశారు.

ఆయన మాట విని వెంట నడిచినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. ఊరి గుడి గడప తొక్కడానికి వీల్లేని వాళ్లు. ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేని వాళ్లు. 175 అడుగుల గోపురం కింద, అంత పెద్ద తలుపులోంచి తలెత్తుకుని లోపలికి నడవడమంటే వాళ్లకు ఏమై ఉంటుందో ఊహించుకోవాలి. ఈ మందిరం పరిమాణం గురించి మాట్లాడేటప్పుడు ఇంజినీర్ల కొలతలతో పాటు ఈ కొలతనూ లెక్కలోకి తీసుకోవాలని నా పట్టుదల. చిన్న మందిరం కట్టినా ప్రార్థన జరిగేది. పాస్నెట్ తన ప్రభువుకు తన దగ్గరున్న శ్రేష్ఠమైనదే ఇవ్వాలన్న మాటను నియమంగా పెట్టుకున్న మనిషి. ఆ నియమం వల్ల ఊరి చివరి వాడల జనానికి దేశంలోని పెద్ద మందిరాల్లో ఒకటి సొంతమైంది.

గంజి పోయడమా, పని ఇవ్వడమా

పాస్నెట్ మెదక్ వచ్చిన ఏడాదే, 1896-97లో, దేశాన్ని పెద్ద కరువు పట్టుకుంది. దాని వెనకే 1899-1900లో దక్కను మీద మరో కరువు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి మెదక్ పల్లెల్లో మళ్లీ ఆకలి. 1918లో వానలు మొహం చాటేశాయి. ఆ ఏడాదే ఇన్‌ఫ్లూయెంజా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసింది. 1914 నుంచి మందిరం గోడలు లేచిన పదేళ్లూ ఇలాంటివే.

కరువులో ఆదుకునే దారులు రెండు. గంజి కేంద్రం పెట్టి గిన్నెలో పోయడం ఒకటి. పని చూపించి కూలి ఇవ్వడం రెండోది. పాస్నెట్ రెండో దారి ఎంచుకున్నారు. చర్చి కట్టడమే ఆ పని. రాళ్లు పగలగొట్టేవాళ్లు, చెక్కేవాళ్లు, మోసేవాళ్లు, సున్నం నూరేవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు. ఇంటిల్లిపాదికీ చేతికి అందే పని ఏదో ఒకటి ఉండేది. తరవాతి కాలంలో పనికి ఆహారం అన్నామే, అదే.

తెలుగు నేల మీద ఇలాంటి దారి అంతకు ముందూ ఒకటి ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి పని ఇచ్చారు. కరువు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదన్నది ఆయన ఆలోచన. కరువు తీరాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఒంగోలులో తవ్విన కాలువ మిగిలింది. మెదక్‌లో కట్టిన మందిరం మిగిలింది.

ఇక్కడ మరొక మాట చెప్పకపోతే మెదక్ సంగతి సగమే తెలుస్తుంది. అది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన. తెలంగాణ పల్లెల్లో వెట్టి నడుస్తున్న కాలం. దేశ్‌ముఖ్ గడీలో కట్టెలు కొట్టాలి, మూటలు మోయాలి, చెప్పులు కుట్టివ్వాలి, వాకిళ్లు ఊడ్వాలి. పైసా ఉండదు, గింజ ఉండదు. ఆ వెట్టి భారమంతా ఏ వాడల మీద పడేదో ఆ వాడల మనుషులే ఇక్కడ రాయి మోసి, సాయంత్రానికి కూలి చేతిలో పెట్టుకుని ఇంటికి పోయారు. మోసిన బరువు అదే. చేతిలో కూలి ఉండడమే తేడా. ఆ తేడా తెలిసినవాళ్ల మనవలు, మునిమనవలు ఈ మందిరాన్ని ఇంకా అంతగా తమదనుకోవడంలో వింత లేదు.

బోల్టన్ గీత, మెదక్ రాయి

నమూనా తయారుచేసింది ఇంగ్లండులోని బోల్టన్ ఊళ్లో ఉన్న బ్రాడ్‌షా, గ్యాస్ అండ్ హోప్ అనే వాస్తుశిల్పుల సంస్థ. బోల్టన్ నూలు మిల్లుల ఊరు. ఈ సంస్థ మిల్లులూ కట్టింది, మెథడిస్టు మందిరాలూ కట్టింది. మాంచెస్టర్‌లో పత్తి బేరాలు జరిగే రాయల్ ఎక్స్ఛేంజ్ భవనాన్ని విస్తరించే పని కూడా సరిగ్గా ఆ కాలంలోనే వాళ్ల చేతిలో ఉంది.

శైలి గోథిక్. పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టి ఐరోపా అంతా పాకి, పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో మళ్లీ ప్రాణం పోసుకున్న శైలి. మెథడిస్టులు ఈ శైలికి రావడం వెనక ఒక కథ ఉంది. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడు జాన్ వెస్లీ ఆరుబయట పొలాల్లో, గని కార్మికుల మధ్య నిలబడి ప్రసంగించిన మనిషి. మందిరం కడితే మాట అందరికీ వినబడేలా ఎనిమిది మూలల గది కట్టమన్నారు. ఆడంబరం వద్దన్నారు. ఆయన పోయిన అరవై ఏళ్లకు, 1850లో, ఫ్రెడరిక్ జాబ్సన్ అనే మెథడిస్టు బోధకుడు ఒక పుస్తకం రాసి, క్రైస్తవ ఆరాధనకు గోథిక్కే తగినదని వాదించారు. అక్కడి నుంచి మెథడిస్టు మందిరాలకు కొసదేరిన కమానులు, గోపురాలు వచ్చాయి. మెదక్ ఆ వరసలోది. అయినా వెస్లీ మాట పూర్తిగా పోలేదు. ప్రొటెస్టెంటు ఆరాధనలో ప్రసంగం ప్రాణం. 5 వేలమంది కూర్చునే రాతి శాలలో మాట ప్రతిధ్వనించి ముద్దైపోతే ఆ శాల ఉన్నా లేనట్టే. అందుకే పైకప్పులో స్పంజిలాంటి బోలు పదార్థం వాడి శబ్దాన్ని అదుపు చేశారు. నూరేళ్ల కిందటి మాట ఇది.

పై నుంచి చూస్తే మందిరం సిలువ ఆకారంలో ఉంటుంది. పొడవాటి మధ్య శాల, దానికి అడ్డంగా రెండు చేతులు, తల దగ్గర బలిపీఠం. ముందు భాగంలో గోపురం అంతస్తులు అంతస్తులుగా లేచి, చివర సూదుల్లాంటి శిఖరాలతో ముగుస్తుంది. లోపల రెండు వరసల రాతి స్తంభాలు. వాటి మీంచి కమానులు పుట్టి, పైన కలుసుకుని, కప్పు బరువును మోస్తాయి. గుండ్రటి కమాను బరువును పక్కలకు ఎక్కువ నెడుతుంది. కొసదేరిన కమాను ఆ బరువును నిలువుగా కిందికి దింపుతుంది. గోడల మీద తోపు తగ్గుతుంది, ఎత్తుకు పోవచ్చు, కిటికీలు పెద్దవి పెట్టుకోవచ్చు. గోథిక్ కిటుకు ఇంతే.

ఈ కిటుకు దక్కనుకు కొత్తదేం కాదు. కొసదేరిన కమానులు 1591 నాటి చార్మినార్‌లో ఉన్నాయి, కుతుబ్‌షాహీ సమాధుల్లో ఉన్నాయి, ఊరూరా మసీదుల్లో ఉన్నాయి. బోల్టన్ నుంచి కాగితం మీద వచ్చిన కమాను మెదక్ మేస్త్రీకి తెలియని వస్తువు అయ్యే అవకాశమే లేదు. కమాను అనే మాటే మన నాలుకకు అలవాటైనది. ఆ మధ్య శాలలో నిలబడి పైకి చూసిన ప్రతిసారీ నాకు ఇదే అనిపిస్తుంది. ఇది బయటి నుంచి దిగిన కట్టడమని మనం అనుకుంటాం గానీ, కట్టిన చేతులకు ఇది సగం తెలిసిన పనే.

రాయి సంగతి అలా కాదు. ఐరోపాలో గోథిక్ చర్చీలు ఎక్కువగా సున్నపురాతితో కట్టారు. ఆ రాయి మెత్తన. ఉలి పెడితే ఆకులు, తీగలు, దేవదూతల మొహాలు పలుకుతాయి. మెదక్‌లో ఉన్నది గ్రానైటు. ఉలి మొన విరిగిపోయే రాయి. ముందు బండ మీద వరసగా గాళ్లు కొట్టాలి. వాటిలో ఇనప చీలలు దిగ్గొట్టి, ఒక్కొక్కదాని మీదా వంతులవారీగా సమ్మెట వేస్తూ పోవాలి. రాయి వెంటనే చీలదు. దెబ్బ శబ్దం మారుతుంది. ఆ మార్పు విని చెయ్యి ఎక్కడ ఆపాలో తెలిసినవాడే రాతి పనివాడు. చీలిన రాయిని మూలమట్టం చూసి చదును చేయడానికి మళ్లీ రోజులు. అందుకే మెదక్ మందిరంలో ఐరోపా చర్చీల్లాంటి సన్న నగిషీలు తక్కువ. గీతలు నిటారుగా, బింకంగా ఉంటాయి. ఇది లోపం అనుకునేవాళ్లు ఉండొచ్చు. నాకు మాత్రం ఇదే దీని అందం. రాయి తన స్వభావం వదులుకోకుండానే గోథిక్‌కు ఒదిగింది.

గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించి చూడండి. దూరం నుంచి నున్నగా కనిపించే రాయి మీద వేళ్లకు చిన్న చిన్న గుంటలు తగులుతాయి. ఉలి దెబ్బలవి. ఒకచోట దగ్గర దగ్గరగా, వరసగా ఉంటాయి. పక్క రాయి మీద కాస్త లోతుగా, ఎడంగా ఉంటాయి. చెయ్యి మారింది. ఇక్కడ ఒకడు, అక్కడ మరొకడు. వాళ్ల సంతకాలు మనకు మిగిలినవి ఇవే.

రాళ్లను కలిపింది డంగు సున్నం. సున్నం, ఇసుక కలిపి గానుగలో పోసి, ఎడ్లు రాతి చక్రాన్ని తిప్పుతుంటే వెన్నలా మెత్తబడే దాకా నూరేవాళ్లు. సిమెంటు గంటల్లో బిగుసుకుని, కొన్ని వారాల్లో చాలావరకు గట్టిపడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతూ పోతుంది, మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. చెమ్మను పీల్చి వదిలే గుణం దానికుంది. అందుకే పాత సున్నపు కట్టడాల మీద సిమెంటు పూత వేయకూడదు. లోపలి చెమ్మ బయటికి దారి దొరక్క రాయినే తినేస్తుంది. నూరేళ్ల పండుగ అయిపోయింది గదా అని అక్కడక్కడా సిమెంటు రాసి చేతులు దులుపుకునే పని మెదక్‌లో ఎన్నడూ జరగకూడదు.

కాళ్ల కింద రంగులు, కళ్ల ముందు వెలుగు

చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెడితే ముందు పాదాలకు చల్లదనం తెలుస్తుంది. తరవాత కంటికి నేల కనిపిస్తుంది. ఆరు రంగుల పలకలు. బ్రిటన్ నుంచి తెప్పించారు. ఇటలీ పనివాళ్లు వచ్చి పరిచారు. మెదక్ ఊరికి రైలు వచ్చింది 2022 సెప్టెంబరులో, అక్కన్నపేట నుంచి కొత్త లైను వేశాక. అంటే మందిరం లేచిన 98 ఏళ్లకు. ఓడెక్కి సముద్రాలు దాటిన ఆ పలకలు ఆఖరి మజిలీలో మట్టి రోడ్డు మీదే రావాలి. గాజు సామాను మాటా అదే. దారిలో ఎన్ని గోతులు, ఎన్ని వాగులు!

పలకల నేల మీద కాసేపు కూర్చుని చూశాను. మధ్య శాలలో జనం ఎక్కువగా నడిచే దారిలో పలకల మెరుపు తగ్గి, ఒక రకమైన మెత్తదనం వచ్చింది. స్తంభాల చాటున, అడుగులు పడనిచోట, రంగు ఇంకా పదునుగానే ఉంది. నూరేళ్ల పాదాలు వేసిన బాట అది. పెళ్లికూతుళ్లు నడిచిన బాట, శవపేటికలు మోసినవాళ్లు నడిచిన బాట.

తలెత్తితే రంగుటద్దాల కిటికీలు. మెదక్ వచ్చినవాళ్లు జన్మంతా గుర్తుంచుకునేవి ఇవే. మూడున్నాయి. బలిపీఠం వెనక యేసు పరలోకానికి ఆరోహణం అవుతున్న దృశ్యం. రెండు పక్కల చేతుల్లో ఒకవైపు పశువుల పాకలో జననం, మరోవైపు సిలువ. గీసినవారు ఫ్రాంక్ సాలిస్‌బరీ. లండన్‌లో పెద్ద పేరున్న చిత్రకారుడు. రాజుల బొమ్మలు, అమెరికా అధ్యక్షుల బొమ్మలు వేసినవారు. ఆయన చేయి తిరిగింది మాత్రం అన్న నడిపిన రంగుటద్దాల కార్ఖానాలో, కుర్రతనంలో. పైగా నిష్ఠగల మెథడిస్టు. మెదక్ పని ఆయన దగ్గరికి చేరడం ఎంత సబబో ఆ అద్దాలు చూస్తే తెలుస్తుంది.

ఈ మూడూ ఒకేసారి రాలేదు. ఆరోహణం 1927లో వచ్చింది. జననం 1947లో. సిలువ 1958లో. అంటే 1924లో మందిరం తెరిచిననాడు ఈ రంగుల్లో ఒక్కటీ లేదు. మొదటి అద్దం నిజాం రాజ్యంలో బిగించారు. రెండోది వచ్చిన ఏడాది దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మూడోది వచ్చేసరికి నిజాం రాజ్యమే లేదు, మెదక్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. పాస్నెట్ కూడా లేరు. ఒక మందిరం కిటికీలు నిండడానికి 34 ఏళ్లు పట్టింది.

అద్దాల రంగు పైన పూసినది కాదు. గాజు కరిగించేటప్పుడే లోహపు భస్మాలు కలుపుతారు. కోబాల్టు నీలాన్నిస్తుంది, బంగారం ఎరుపునిస్తుంది. కోసిన ముక్కలను సీసపు పట్టీలతో కలిపి కుడతారు. మొహాల్లో గీతలు, వస్త్రాల మడతలు మాత్రం పైన గీసి కొలిమిలో కాలుస్తారు. ఎండ అవతలి నుంచి పడితేనే ఇవి బతుకుతాయి. బయట నిలబడి చూస్తే నల్లటి గాజు, సీసపు గీతలు, అంతే. లోపలికి వచ్చి చూస్తే అదే గాజు భగ్గున వెలుగుతుంది. పొద్దు గూకగానే బొమ్మలు మాయమవుతాయి. సాయంత్రం ఐదు దాటాక చేరుకుని, ఏమీ కనపడక నిరాశపడి పోయేవాళ్లను చాలామందిని చూశాను. వెళ్లేవాళ్లు పగలు వెళ్లండి.

నేను వెళ్లిన రోజు మబ్బు కమ్మి ఉంది. జననం కిటికీ ముందు పావుగంట నిలబడ్డాను. అంతా బూడిదగా, మసకగా ఉంది. ఇంతలో మబ్బు విడిపోయింది. ముందు ఒక మూల నీలం వెలిగింది. తరవాత వస్త్రపు ఎరుపు. తరవాత మొహాలు. కింద నేల మీద, స్తంభం పక్కన, రంగు రంగు నీడ పడింది. పక్కనే ఆడుకుంటున్న పిల్లాడు ఆ నీడలో చెయ్యి పెట్టి, నీలమైన తన వేళ్లను తిప్పి తిప్పి చూసుకున్నాడు.

కుర్చీ వచ్చాకే కెథడ్రల్

కెథడ్రల్ అంటే పెద్ద చర్చి అని మనలో చాలామంది అనుకుంటారు. ఆ మాటకు మూలం కుర్చీ. బిషప్పు ఆసనం ఉన్న చర్చి ఏదైనా, చిన్నదైనా, కెథడ్రల్. బ్రిటిష్ మెథడిస్టుల్లో బిషప్పులు లేరు. కాబట్టి 1924లో ప్రతిష్ఠ జరిగిననాడు ఇది ఎంత పెద్దదైనా ఉత్త చర్చే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్ఐగా ఏర్పడ్డారు. ఐరోపాలో తరతరాలుగా విడివిడిగా ఉన్నవాళ్లు మన దగ్గర కలిశారు. మెదక్ ఒక అధ్యక్ష మండలమైంది. ఫ్రాంక్ విట్టేకర్ తొలి బిషప్పుగా వచ్చారు. 23 ఏళ్ల వయసున్న చర్చి అలా కెథడ్రల్ అయింది.

ఆ కలయిక కోసం ఏళ్ల తరబడి పాటుపడి, అది చూడకుండానే 1945లో కన్నుమూసిన మనిషి వి.ఎస్. అజరయ్య. తమిళనాడులో పుట్టి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా డోర్నకల్‌లో పీఠమెక్కినవారు. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. మెదక్ చూసినవాళ్లు డోర్నకల్ కూడా చూడాలి. అక్కడ గోథిక్ లేదు. మసీదును తలపించే గుమ్మటాలు, దేవాలయ మండపాన్ని తలపించే చెక్కడపు స్తంభాలు, వాటి మధ్య సిలువ. క్రైస్తవం పరాయి వేషంలో కనిపించినంత కాలం పరాయిదిగానే ఉండిపోతుందని ఆయన నమ్మకం. పదిహేనేళ్ల తేడాతో, ఒకే నిజాం రాజ్యంలో, తెలుగు ప్రొటెస్టెంట్లు రెండు జవాబులు కట్టి నిలబెట్టారు.

అజరయ్య వాదన సరైనదని నా అభిప్రాయం. రూపం విషయంలో డోర్నకల్ మన మట్టికి దగ్గర. అయినా మెదక్‌ను పరాయిదనడానికి నాకు నోరు రాదు. రాయి ఇక్కడిది. సున్నం ఇక్కడిది. చెమట ఇక్కడిది. ఆ చెమటకు కారణమైన ఆకలీ ఇక్కడిదే.

పెద్దదన్న మాట పక్కన పెడదాం

మెదక్ చర్చి గురించి ఎక్కడ చదివినా ఒకే మాట. ఆసియాలోకెల్లా పెద్దది, వాటికన్ తర్వాత రెండోది. ప్రేమతో చెప్పుకునే మాటే గానీ నిజం కాదు. గోవాలోని సే కెథడ్రల్ పొడవు 250 అడుగులు. ఇంగ్లండులో వించెస్టర్ కెథడ్రల్ 550 అడుగుల పైమాటే. మెదక్ దేశంలోని పెద్ద చర్చీల్లో ఒకటి, అందులో సందేహం లేదు. అంతకు మించిన బిరుదు దీనికి అక్కర్లేదు. ఆకలిగొన్న జనానికి పదేళ్లపాటు పని ఇచ్చి, ఆ పని నుంచే ఇంత అందాన్ని పుట్టించిన మందిరాలు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే మెదక్ స్థానం తెలుస్తుంది.

క్రిస్మస్ నాడు తెల్లవారుజామున మొదటి ఆరాధనకు ముందే ఆవరణ నిండిపోతుంది. మిషన్‌కు ఉన్న స్థలం సుమారు 300 ఎకరాలు. అందులో చెట్టు కింద ఒక కుటుంబం, గోడ వార ఒక కుటుంబం. దుప్పట్లు, చలిమంటలు, మూడు రాళ్ల పొయ్యిలు. క్రైస్తవులే కాదు, హిందువులూ ముస్లింలూ వస్తారు. మొక్కులు తీర్చుకుంటారు. శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయే జనమే డిసెంబరులో చర్చికి వస్తారు. ఆ సీమ మనుషులకు ఇందులో తేడా ఏమీ కనిపించదు.

బస్సులో చూసిన అవ్వ మళ్లీ లోపల కనిపించింది. మనవరాలిని స్తంభం దగ్గరికి తీసుకుపోయి, రాయి మీద దాని చెయ్యి పెట్టించింది. "మా తాత మోసిన రాళ్లు బిడ్డా ఇవి." దగ్గరికెళ్లి తాత పేరేంటని అడిగాను. ఇంటి పేరు చెప్పింది. అసలు పేరు గుర్తు రాలేదు. "మా అమ్మకు ఎరుకుండె" అంది. కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

పాస్నెట్ పేరు ఉంది. బోల్టన్ సంస్థ పేరు ఉంది. అద్దాల మీద బొమ్మలు వేసిన సాలిస్‌బరీ పేరు ఉంది. రాయి కొట్టినవాళ్ల పేర్లు, సున్నం నూరిన ఆడవాళ్ల పేర్లు ఇళ్లలో ముసలివాళ్ల నోళ్లలో మాత్రమే మిగిలాయి. ఆ నోళ్లు ఒక్కొక్కటే మూగబోతున్నాయి. మెదక్, రామాయంపేట, నర్సాపూర్, కౌడిపల్లి, పాపన్నపేట, ఇంకా చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా మీ ఇంటి పెద్దలు ఈ మందిరం పనికి పోయారని విని ఉంటే, ఈ క్రిస్మస్‌కు ముందే మీ అమ్మమ్మనో తాతనో కూర్చోబెట్టి అడగండి. పేరు, ఊరు, ఏ పని చేశారు, కూలి ఏమిచ్చారు. ఫోనులో రికార్డు చేయండి, లేదా ఒక కాగితం మీద రాసి మీ సంఘం పాస్టరుకు ఇవ్వండి. అధ్యక్ష మండలం పెద్దలు ఆ పేర్లన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించి, మందిరంలో అందరికీ కనిపించేచోట ఉంచాలి.